వలస పిల్లల హోంలో ఒక రోజు: గంట, గరిటె, తాళంచెవి

ఉమ్మడి పాలమూరు, నల్గొండ జిల్లాల్లో ‘శరణార్థి’ అన్న మాట పెద్దగా వినిపించదు. ఇక్కడి మాట వలస. శరణార్థులకంటూ మన దేశంలో విడిగా చట్టం లేదు, 1951 నాటి అంతర్జాతీయ ఒప్పందంపై భారత్ సంతకమూ చేయలేదు. హైదరాబాద్ శివార్లలోని బాలాపూర్‌లో గుడిసె వేసుకున్న రోహింగ్యా కుటుంబం పిల్లాడైనా, భువనగిరి వైపు ఇటుక బట్టీలో దొరికిన ఒడిశాలోని బలంగీర్ పిల్లయినా, గద్వాల నడిగడ్డలో పత్తి విత్తనాల చేలల్లో క్రాసింగ్ పనికి (పూలకు చేత్తో పుప్పొడి అద్దే పని) పోయిన పాపయినా, చూసుకునే పెద్దదిక్కు లేదని తేలితే 2015 బాల న్యాయ చట్టానికి ఒకటే లెక్క: సంరక్షణ, రక్షణ అవసరమైన బాలలు. దొరికిన 24 గంటల్లో బాలల సంక్షేమ సమితి ముందుకు తీసుకురావాలి. సమితి ఉత్తర్వుతో హోంకు చేరతారు. కాగితాల మీద కథ ఇక్కడికి సగం అయిపోయినట్టే కనిపిస్తుంది. పిల్లలకు మాత్రం అప్పుడే మొదలవుతుంది.

ఇల్లు, ఊరు, భాష మూడూ ఒక్కసారే చేజారిన పిల్లకు కౌన్సెలింగ్ కన్నా ముందు కావాల్సింది ఒకటుంది. రేపు పొద్దున ఏం జరుగుతుందో తెలియాలి. అన్నం ఎన్నింటికి, పడక ఎక్కడ, లైటు ఎప్పుడు ఆర్పుతారు, అమ్మతో మాట్లాడే రోజు ఏది? ఇవి ఒక పది రోజులు మాట తప్పకుండా జరిగితే పిల్ల సగం కుదుటపడుతుంది. దినచర్య పట్టిక ప్రతి హోం గోడ మీదా ఉంటుంది. అది దెబ్బతినేది సిబ్బందికి ప్రేమ లేక కాదు. చాలాసార్లు నల్లా దగ్గర, పప్పు గిన్నె దగ్గర, ఫోన్ రీచార్జ్ దగ్గర.

మొదటి రాత్రి చేసే తప్పులు చాలా రోజులు వెంటాడతాయి. పిల్ల రాగానే తల గొరిగించడం, వేసుకొచ్చిన బట్టలు పారేయడం పాత అలవాటు. ఆ బట్టలు ఎంత మాసినా ఉతికి, ఆరేసి, ఆమె పెట్టెలోనే పెట్టాలి. ఇంటి నుంచి వచ్చిన వస్తువంటూ ఆమె దగ్గర ఉన్నది అదొక్కటే. పైగా ఆచూకీ తీయడానికీ పనికొస్తుంది: కాలర్ మీద దర్జీ పేరు కుట్టిన గుడ్డముక్క, చీర కొంగుతో కుట్టిన లంగా, మెడలో తాయెత్తు. ప్రతి పిల్లకూ ఒక రేకు పెట్టె, దానికి చిన్న తాళం, తాళంచెవికి నల్లదారం ఉండాలి. చెవి మెడలోనో మొలతాడుకో కట్టుకుంటారు. ‘పోగొట్టుకుంటారు’ అని చెవులన్నీ ఆఫీసు మేకుకు తగిలించే హోంలు ఉన్నాయి. పోగొట్టుకుంటారు, నిజమే. నలభై రూపాయల తాళం మళ్లీ కొనొచ్చు. తనదంటూ ఒక మూల ఉందన్న నమ్మకాన్ని అంత తేలిగ్గా కొనలేం.

అన్నం దాచుకోవడం ఇంకో సంగతి. బట్టీల్లో వారానికోసారి ఇచ్చే తిండి ఖర్చులతో, నూకలతో కడుపు నింపుకున్న పిల్లలు మొదటి రెండు మూడు వారాలు రొట్టె ముక్కలు, గుడ్లు దిండు కింద దాస్తారు. గుడ్డు వాసన వస్తుంది, చీమలు పడతాయి, ఆయమ్మ కేకలేస్తుంది, పిల్ల ఇంకా లోపలికి దాస్తుంది. తిడితే ఆగే అలవాటు కాదిది. పడకగది గుమ్మం దగ్గర ఒక మూత డబ్బాలో వేయించిన పల్లీలు, పుట్నాలు పెట్టి, ‘ఎప్పుడు ఆకలైనా తీసుకో’ అని చెప్పి, డబ్బా ఖాళీ కాకుండా చూస్తే చాలు. మొదటి వారం డబ్బా రోజుకు రెండుసార్లు ఖాళీ అవుతుంది. తర్వాత తర్వాత పల్లీలు మిగలడం మొదలవుతుంది. పిల్ల కుదుటపడుతోందో లేదో చెప్పడంలో ఆ డబ్బా చాలా నివేదికల కన్నా నిజాయితీగా ఉంటుంది.

ఇక తెల్లవారుజాము. 50 మంది పిల్లలున్న హోంలో 8 స్నానాల గదులూ పనిచేస్తున్నాయనుకుందాం. తలకు ఆరు నిమిషాలు వేసుకున్నా ఏడు విడతల్లో, అంటే 42 నిమిషాల్లో అందరి స్నానాలూ అయిపోతాయి. గొళ్లెం ఊడి, నల్లా కారి, ఎనిమిదిలో మూడే పనిచేస్తున్నాయనుకోండి. పదిహేడు విడతలు, గంటా నలభై నిమిషాలు. అప్పుడు ఐదున్నరకు కొట్టే మేలుకొలుపు గంట నాలుగున్నరకు జరుగుతుంది, లేదా చిన్నపిల్లలు స్నానం లేకుండానే బడికి పోతారు. ‘మా పిల్లలు చెప్పిన మాట వినరు, లేవరు’ అని ఫిర్యాదు చేసే హోంలో ముందు చూడాల్సింది స్నానాల గదుల తలుపులు. ప్లంబర్ వచ్చి పోయాక క్రమశిక్షణ దానంతటదే బాగుపడిన చోట్లున్నాయి.

నల్గొండ వైపు నీళ్ల సంగతి విడిగా చెప్పాలి. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు మండలాల్లో బోరు నీళ్లలోని ఫ్లోరైడ్ తరాల తరబడి ఎముకలు వంచింది. తాగే నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే దిక్కు లేనప్పుడు 1.5 దాకా ఓర్చుకోవచ్చు అని భారత ప్రమాణం. శాశ్వత దంతాల పింగాణీ చాలావరకు ఎనిమిదేళ్ల లోపే తయారవుతుంది కాబట్టి చిన్నపిల్లల పళ్లకే ముందు మచ్చలు పడతాయి. ఇంటింటికీ నల్లా నీళ్లిచ్చే మిషన్ భగీరథ పథకం నీళ్లు వచ్చాక తాగే నీటి బాధ తగ్గింది. అయితే హోంలో సమస్య వచ్చేది గేట్ వాల్వ్ దగ్గర. ఒకే పైపులైనుకు భగీరథ ట్యాంకు, బోరు ట్యాంకు రెండూ కలిపి ఉంటాయి. మరమ్మతులని భగీరథ సరఫరా రెండు రోజులు ఆగుతుంది, వంటమనిషి వాల్వ్ తిప్పుతుంది, పప్పూ అన్నం బోరు నీళ్లతో ఉడుకుతాయి. మూడో రోజు భగీరథ నీళ్లొస్తాయి గానీ వాల్వ్ తిరిగి తిప్పడం ఎవరికీ గుర్తుండదు. నెలలు గడిచిపోతాయి.

‘మరగబెట్టాం కదా’ అన్న మాట ఇక్కడ చెల్లదు. మరిగిస్తే క్రిములు చస్తాయి గానీ ఫ్లోరైడ్ ఎక్కడికీ పోదు. నీళ్లు ఆవిరై తగ్గేకొద్దీ మిగిలిన దాంట్లో ఇంకా చిక్కబడుతుంది. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను అడుక్కి దించే పద్ధతిని నీరి (జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ) రూపొందించింది, దానికి లోకమంతా నల్గొండ పద్ధతి అనే పేరు. మంచిదే గానీ, నీళ్లను పరీక్షించి ఆ లెక్కన మోతాదు వేయాలి. కళ్లతో చూసి గుప్పెడు పటిక వేసే వంటింట్లో అది నిలబడదు. హోంకు తేలిక దారి ఒకటుంది. తాగడానికీ వండడానికీ తలకు 5 లీటర్లు వేసుకుంటే 50 మందికి రోజుకు 250. నాలుగు రోజులకు సరిపడేలా 1000 లీటర్ల ట్యాంకు ఒకటి వంటింటికే కట్టి, దానికీ బోరు లైనుకూ అసలు కలపకపోవడం. వాల్వే లేకపోతే మరిచిపోవడానికీ ఏమీ ఉండదు.

అన్నం దగ్గరికి వద్దాం. బాల న్యాయ చట్టం కింద 2016లో వచ్చిన నమూనా నియమావళి తలకు రోజుకు 600 గ్రాముల ధాన్యం రాసింది, అందులో 100 గ్రాములు గోధుమో రాగులో జొన్నలో కావాలి. పప్పు 120 గ్రాములు, ఆకుకూరలు 100, మిగతా కూరగాయలు 130, పాలు 150 మిల్లీలీటర్లు, నూనె 25 గ్రాములు. 50 మందికి రోజుకు 30 కిలోల ధాన్యం, 6 కిలోల పప్పు, పదకొండున్నర కిలోల కూరలు, ఏడున్నర లీటర్ల పాలు. ఆరేళ్ల పిల్ల 600 గ్రాముల ధాన్యం తినలేదు, పదిహేనేళ్ల పిల్లాడు తినగలడు. కాబట్టి చిన్నపిల్లలు ఎక్కువున్న హోంలో బియ్యం మిగలాలి. మిగిలిందని రాయకుండా, అయిపోయిందని రాసే రిజిస్టర్ దగ్గర ఆగి చూడాలి.

తగ్గేది ఎప్పుడూ బియ్యం కాదు, పప్పు. కందిపప్పు ధర పెరిగితే పూటకు మూడు కిలోలు ఒకటిన్నర అవుతుంది, నీళ్లు మాత్రం అవే. గిన్నె నిండుగానే కనిపిస్తుంది. మూడు కిలోల పప్పు ఉడికి పన్నెండు లీటర్ల దాకా అయితే పిల్లకు రెండు చిన్న గరిటెలు, ఒక పావు లీటరు వస్తుంది. అది అన్నం మీద పోస్తే కాసేపు నిలబడి మెల్లగా దిగాలి. పోయగానే పళ్లెం అంచుకు చేరి మధ్యలో తెల్లన్నం తేలితే అది చారే. తనిఖీకి వచ్చిన అధికారి రుచి చూసి ‘బాగుంది’ అని సంతకం పెడతారు. రుచి కాదు, గరిటె జారుడు చూడాలి.

జొన్న రొట్టె పాలమూరు పిల్లల ప్రాణం. మెనూలో రాయడం తేలికే. 50 మందికి తలా రెండు, అంటే వంద రొట్టెలు. చేత్తో చరిచి పెనం మీద కాల్చడానికి ఒక్కోదానికి రెండు నిమిషాలు పట్టినా ఒక పొయ్యి మీద మూడు గంటల పైమాటే. ఒక్క వంటమనిషి ఉన్న చోట అది జరగదు, అందుకే రొట్టె కాగితం మీదే ఉండిపోతుంది. జొన్న గటుక అయితే పెద్ద గిన్నెలో ఒకేసారి ఉడుకుతుంది. సల్ల పోసి, పక్కన పుంటికూర పెడితే పిల్లలు వంక పెట్టరు. ఒడిశా పిల్లలకు ఇంట్లో పొద్దున పఖాళ అలవాటు, మన సద్దన్నానికి చుట్టం. రాత్రంతా నానిన అన్నాన్ని ఎండాకాలంలో యాభై మందికి పెట్టడం ప్రమాదమే. అప్పుడే వండిన అన్నం చల్లార్చి, సల్ల కలిపి, ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయ పెట్టొచ్చు. ఇది చూసి ‘మిగిలిన అన్నం పెడుతున్నారు’ అని రాసుకుపోయే తనిఖీలూ ఉంటాయి. మెనూ బోర్డు మీద ‘పెరుగన్నం’ అని రాస్తే ఆ గొడవ ఉండదు.

చర్మం, తల. గజ్జి వచ్చిన పిల్ల ఒక్కర్తికే మందు రాయడం హోంలలో అన్నిటికన్నా మామూలు పొరపాటు. దురద మొదలు కావడానికి వారాలు పడుతుంది, ఈలోగా పక్క పడకలకు పాకుతుంది. గదిలో ఉన్న అందరికీ, ఆయమ్మతో సహా, ఒకే రాత్రి 5 శాతం పర్మెత్రిన్ క్రీము మెడ నుంచి పాదాల దాకా, గోళ్ల సందుల్లో కూడా రాసి, 8 నుంచి 14 గంటలు ఉంచి కడగాలి. వారానికి మరోసారి. ఆ పొద్దున దుప్పట్లు వేడినీళ్లలో ఉతకాలి, ఉతకలేని వాటిని సంచిలో మూతి కట్టి కనీసం మూడు రోజులు పక్కన పెట్టాలి. మందు రాశాక కూడా రెండు మూడు వారాలు దురద ఉండొచ్చు. అది చూసి ‘మందు పనిచేయలేదు’ అని మళ్లీ మళ్లీ రాస్తే చర్మం కాలుతుంది. పేలకు గుండు అవసరం లేదు. తడి జుట్టును పేన్ల దువ్వెనతో మూడు నాలుగు రోజులకోసారి, రెండు వారాల పాటు దువ్వితే చాలు. ఈపి నుంచి పిల్లపేను బయటికి రావడానికి వారం, పది రోజులు పడుతుంది కాబట్టి ఒక్కరోజు దువ్వి వదిలేస్తే లాభం లేదు.

ఇక భాష. బలంగీర్, నువాపడా నుంచి వచ్చే పిల్లల ఇంటి భాష సంబల్‌పురి. పట్నం నుంచి ఒడియా తెలిసిన వాళ్లను పిలిపిస్తే వాళ్ల పుస్తకాల ఒడియాకు పిల్ల బిత్తరపోతుంది. అదే సమయంలో పాణి, భాత్ లాంటి మాటలు ఉర్దూ చెవిన పడి పెరిగిన తెలంగాణ పిల్లలకు ఎవరూ చెప్పకుండానే అర్థమవుతాయి. ఆటలో పిల్లలే పిల్లలకు దుబాసీలు. పెద్దవాళ్లు చేయాల్సింది కడుపునొప్పి, భయం, బాత్రూం, చలి లాంటి ముప్పై మాటలు పిల్లనే అడిగి తెలుగు లిపిలో రాసి, రాత్రి డ్యూటీ ఆయమ్మ మంచం దగ్గర అంటించడం. ఎందుకంటే రాత్రి రెండింటికి దుబాసీ దొరకడు.

ఆచూకీ ప్రశ్నలు మొదటి రోజే అడగకూడదు, జిల్లా పేరుతో అసలు మొదలుపెట్టకూడదు. ఎనిమిదేళ్ల పిల్లకు జిల్లా ఏమిటో తెలియదు. మీ ఊరి సంత ఏ వారం? బస్సు ఏ రంగుది? ఏటి మీద వంతెన ఉందా? రైల్లో ఎన్ని రాత్రులు పడుకున్నారు? జాతరలో ఏం కొనిపెట్టారు? ఇలాంటి వాటికి జవాబులు వస్తాయి. ఒక్కో రోజు ఒక్కో ముక్క, అదీ పల్లీలు ఒలుస్తున్నప్పుడో పూలు గుచ్చుతున్నప్పుడో. సామాజిక దర్యాప్తు నివేదికకు చట్టం ఇచ్చింది 15 రోజులే. అందుకని మూడో రోజున కుర్చీలో కూర్చోబెట్టి ఇరవై ప్రశ్నలు వరసగా అడిగితే, పిల్ల అన్నిటికీ తలూపి ఊరుకుంటుంది. ఆ తలూపుడే నివేదికలో ఊరి పేరుగా మారిన సందర్భాలున్నాయి.

బడి విషయంలో 2009 విద్యా హక్కు చట్టం స్పష్టంగానే ఉంది. వయసు కాగితం లేదని చేర్చుకోకపోవడం కుదరదు, వయసుకు తగ్గ తరగతిలో వేసి వెనకబడిన చదువుకు ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి. మొదటి సగం జరుగుతుంది, రెండో సగం జారిపోతుంది. పలక పట్టని పదేళ్ల పిల్లాణ్ని ఐదో తరగతి వెనక బెంచీలో కూర్చోబెడతారు. జూన్‌కల్లా ఒడిశా తిరిగిపోయే పిల్లకు తెలుగు గుణింతాలు రుద్దడం వృథా. లెక్కలు ఏ భాషలోనైనా లెక్కలే. చదవడం, రాయడం సొంత లిపిలో సాగాలి. బట్టీల దగ్గరి బడుల కోసం ఒడియా పాఠ్యపుస్తకాలు మన రాష్ట్రానికి వస్తున్నవే, అడిగి తెప్పించుకోవాలి.

సాయంత్రం ఐదు నుంచి ఏడు, పొద్దుగూకే వేళ, హోంలో అన్నిటికన్నా బరువైన సమయం. ఊళ్లో అయితే ఆ వేళకు అమ్మ పని నుంచి వస్తుంది, పొయ్యి వెలుగుతుంది. ఏడుపులు, కొట్లాటలు, గేటు దాటే ప్రయత్నాలు ఎక్కువగా ఈ రెండు గంటల్లోనే. చాలా హోంలు సరిగ్గా ఇప్పుడే పిల్లల్ని పుస్తకాల ముందు కూర్చోబెడతాయి. తలకిందుల పని. ఖోఖో, కబడ్డీ ఆడించి, తర్వాత చిక్కుడుకాయలు ఈనెలు తీయడం, పుంటికూర ఆకు తెంపడం లాంటి పని వంటింటి అరుగు మీద అందరూ కలిసి చేసేలా పెడితే చీకటి పడ్డ సంగతే తెలియదు. చదువు ఏడు తర్వాత.

ఫోన్ మాట. వారానికి ఒక రోజు, ఒక గంట ఖాయంగా పెట్టాలి. తల్లిదండ్రుల నంబర్ చాలాసార్లు గుంపు మేస్త్రీది. రీచార్జ్ అయిపోతుంది, లేదా మేస్త్రీ ఎత్తడు. ఆ రోజున కూడా పిల్ల చేతికి ఫోన్ ఇచ్చి, మోగడం వినిపించి, ‘ఎత్తలేదు, బుధవారం మళ్లీ చేద్దాం’ అనాలి. ‘ఆదివారం మీ అమ్మ వస్తుంది’ అన్న మాట మాత్రం ఎవరూ అనకూడదు. అమ్మ మహబూబ్‌నగర్ బస్టాండులో దిగి ఫోన్ చేశాకే పిల్లకు చెప్పాలి. రాని అమ్మ కోసం ఒక ఆదివారమంతా గేటు దగ్గర కూర్చున్న పిల్లను మళ్లీ అన్నం దగ్గరికి తేవడానికి వారం పడుతుంది.

దాతలు పంద్రాగస్టుకు, దసరాకు, ఇంట్లో పుట్టినరోజులకు వస్తారు. జూన్‌లో నోటుబుక్కులు కావాల్సినప్పుడు కనిపించరు. మధ్యాహ్నం ఫంక్షన్‌లో మిగిలిన బిర్యానీ సాయంత్రం ఆరుకు ఆటోలో వస్తుంది. వండి నాలుగైదు గంటలైన మాంసం కూర యాభై మంది పిల్లలకు పెట్టడం కన్నా వద్దని మర్యాదగా తిప్పి పంపడమే మేలు, నొచ్చుకుంటే నొచ్చుకోనీ. కేకు కోసి ఫొటోలు దిగి గ్రూపుల్లో పెట్టడం ఇంకో జాడ్యం. హోంలోని పిల్లల ముఖం, పేరు బయటపెడితే బాల న్యాయ చట్టం 74వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, 2 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. ఈ సంగతి గేటు దగ్గరే రాసి పెట్టాలి.

రాత్రి పక్క తడిపే పిల్లల విషయంలో మంచి చెడులు రెండూ చిన్న చిన్న వాటిలోనే ఉన్నాయి. ఏడు తర్వాత నీళ్లు తగ్గించడం, పదిన్నరకు ఒకసారి లేపడం, పరుపు మీద రబ్బరు గుడ్డ, దిండు పక్కన పొడి నిక్కరు. తడిసిన దుప్పటి అందరి దుప్పట్లతోపాటే ఉతుక్కి వెళ్లాలి. పరుపును తెచ్చి ముందు గోడ మీద ఎండేస్తే ఊరందరికీ చాటినట్టే, ఆ పిల్లకు వెక్కిరింపు పేరు ఆ పొద్దునే పుడుతుంది. మలబద్ధకం ఉన్నా పక్క తడుపుతారని చాలామందికి తెలియదు. ముందు ఆకుకూరలు, నీళ్లు సరిచేయాలి. మానేసిన అలవాటు కొత్తగా తిరగబెడితే మూత్ర పరీక్ష చేయించాలి, ఎవరైనా భయపెడుతున్నారా అన్నదీ చూడాలి. రాత్రి డ్యూటీ ఆయమ్మ పడకగదిలోనే పడుకోవాలనేది ఇందుకే. ఆమె టీవీ గదిలో పడుకున్న చోట పదహారేళ్ల పిల్లలదే రాజ్యం. ఫిర్యాదు పెట్టె తాళం సూపరింటెండెంట్ దగ్గరే ఉంటే ఆ పెట్టెలో చాక్లెట్ కాగితాలు తప్ప ఏమీ పడవు.

డబ్బు లెక్క కూడా ఒకసారి చూడాలి. కేంద్ర పథకమైన మిషన్ వాత్సల్య కింద హోంలో పిల్లకు నెలకు 3000 రూపాయలు, రోజుకు వంద. తిండి, బట్ట, సబ్బు, మందులు అన్నీ అందులోనే. అదైనా నెలనెలా రాదు. ఈలోగా కిరాణా కొట్టులో ఉద్దెర పెరుగుతుంది. ఉద్దెరకు తెచ్చుకున్నవాడికి ధర గురించి, పురుగు గురించి నిలదీసే నోరు ఉండదు. ముందు కోత పడేది గుడ్లకు, పాలకు, ఆడపిల్లల ప్యాడ్లకు. అదే పథకంలో పిల్లను సొంతవాళ్ల దగ్గరే ఉంచి చదివించడానికి ఇచ్చే స్పాన్సర్‌షిప్ నెలకు 4000. అమ్మమ్మ ఉన్న పిల్లకు హోం కన్నా ఆ నాలుగు వేలే నయం. దసరా, దీపావళి దాటాక తల్లిదండ్రులు పుణె, ముంబై బాట పట్టే నారాయణపేట, మక్తల్ వైపు ఊళ్లలో సీజనల్ హాస్టళ్లు కూడా ఇదే తోవలోవి. పిల్ల తన ఊరి బడిలోనే తిని, పడుకుని, ఉగాదికి అమ్మానాన్న వచ్చేదాకా ఉంటుంది. భాష పోదు, దోస్తులు పోరు. ఖర్చూ తక్కువే. అవి ఆలస్యంగా తెరిస్తే మాత్రం దండగ. నవంబరులో బస్సెక్కిన పిల్లకు డిసెంబరు చివర తెరిచిన హాస్టల్ ఎందుకు?

విచారణ ముగించి నాలుగు నెలల్లో సమితి తుది ఉత్తర్వు ఇవ్వాలి. ఒడిశా పిల్లయితే అక్కడి జిల్లా సమితికి కాగితాలు పంపి, తోడు మనిషితో రైలెక్కిస్తారు. ఆ ప్రయాణపు సంచిలో ఉండాల్సినవి బడి నుంచి చదువు ధ్రువీకరణ, టీకాల కార్డు నకలు, బరువు రాసిన కాగితం, వచ్చినప్పటి బట్టలు, ఆ రేకు పెట్టె. ఇక్కడితో ఫైలు మూసేస్తే జరిగేది తెలిసిందే. ఆగస్టు, సెప్టెంబరులో నువాఖాయి (ఒడిశా కొత్త పంట పండగ) పూట కూలీలను కుదిర్చే సర్దార్ మళ్లీ అడ్వాన్సు ఇస్తాడు, డిసెంబరు నాటికి అదే పిల్ల ఇంకో బట్టీలో ఇటుకలు తిరగేస్తుంటుంది. ఆ అడ్వాన్సుకు ముందే, జులైలో, పిల్ల బడిలో పేరుందా లేదా అని అక్కడి సమితికి ఒక ఫోన్ చేసి అడిగే పని ఏ కేస్‌వర్కర్‌దో పేరు రాసి పెట్టుకోవాలి. ఇప్పుడు చాలా ఫైళ్లలో ఆ గడి ఖాళీగానే ఉంది.